పిట్టకిచ్చిన మాట

సూరత్‌లో మగవాళ్లు దీవ్‌కు పోతున్నామంటే ఎందుకని ఎవరూ అడగరు. గుజరాత్‌లో మందు మీద నిషేధం ఉంది. సముద్రంలో ఒక మూలకు విసిరేసినట్టున్న ఆ చిన్న దీవిలో లేదు. శనివారం పోతారు, ఆదివారం తూలుతూ వస్తారు. అదే ముగ్గురు ఆడవాళ్లు, మగతోడు లేకుండా, దీవ్‌కు పోతున్నామని సంచులు సర్దుకుంటుంటే తెలుగు నేతవాళ్లుండే గోడాదరాలో ఆ గల్లీ అంతా కత్తెరలు కింద పెట్టి చూసింది.

నర్సవ్వ, పోశమ్మ, సమ్మక్క ఒకే మెట్ల చుట్టూ ఉన్న గదుల్లో ఉంటారు. ముగ్గురి ఇళ్లలోనూ మగవాళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. ఆడవాళ్లు మార్కెట్ నుంచి మూటలుగా వచ్చే చీరలు ముందేసుకుని, పూలపని వెనక వేలాడే దారాలు కత్తిరిస్తారు. పోశమ్మ పెద్దది, గుజరాతీ హిందీ రెండూ దబాయించి మాట్లాడుతుంది. సమ్మక్క చిన్నది, నోరు ఊరుకోదు. దీవ్‌లో ఏం పని అని ఎదురింటావిడ అడిగితే, "మా ఆయన రెండు సీసాలు తెమ్మన్నడు వదినె. మూడోది నాకు," అన్నది. గల్లీ నవ్వింది. నర్సవ్వ కూడా నవ్వినట్టు పెదవులు కదిపింది.

అసలు పని వేరే. ప్రతి చలికాలం ఆ దీవిలో ఒక పోటీ జరుగుతుంది. ముందు సముద్రంలో ఈదుతారు. ఒడ్డుకొచ్చి, ఒళ్లు సరిగ్గా తుడుచుకోకుండానే సైకిలెక్కుతారు. సైకిలు దిగి పరుగెత్తుతారు. మధ్యలో ఆగరు. ట్రయథ్లాన్ అంటారు దాన్ని. సంపత్ ఎన్నిసార్లు పలికి చూపించినా ఈ ముగ్గురికీ నోరు తిరగలేదు. మూడాటలు అనే అనేవారు.

సంపత్ నర్సవ్వకు ఒక్కడే కొడుకు. ఉధ్నాలో సాంచాల మీద పగటి పాళీ చేసేవాడు. చీకటితో లేచి కార్పొరేషన్ వాళ్ల ఈతకొలనుకు పోయేవాడు. అక్కడ ఈత నేర్చుకునే బడిపిల్లల మధ్య మీసాలున్నవాడు అతనొక్కడే. ఎవరో వాడి వదిలేసిన సన్నచక్రాల సైకిలు ఒకటి కొన్నాడు. దాన్ని మెట్ల కింద నిలబెట్టి, పెళ్లికూతురికి కప్పినట్టు పాత చీర కప్పేవాడు. ఈ పోటీ సంగతి మొదటిసారి విన్నప్పుడు సమ్మక్క, "ఎవలన్న తరుముతున్నరారా వాళ్లను?" అని అడిగింది. ఎవరూ తరమరని, వాళ్లంతట వాళ్లే పోతారని చెప్పాడు. "మరి తిన్నది అరుగుతలేదా?" అంటే పడీపడీ నవ్వాడు.

తర్వాత తల్లి వైపు తిరిగి ఒక మాట అన్నాడు. "నేనేం గెలువ అవ్వా, నాకు దెల్సు. ఆఖరుకొస్త. ఆఖరుకొచ్చినోని మెడల గూడ పతకం ఏస్తరు. నువ్వొచ్చి ఒడ్డు మీద నిలవడి చూడాలె. గంతే."

శ్రావణంలో, రాఖీ పున్నమికి మార్కండేయుని గుళ్లో వేసుకున్న కొత్త జంధ్యం ఇంకా మాయకముందే, డుమస్ దారిలో తెల్లవారుతుండగా ఏదో బండి అతని సైకిలును గుద్ది ఆగకుండా పోయింది. ఏ బండో నేటికీ తెలియలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. నర్సవ్వ వాళ్ల దిక్కు అది ముఖ్యమైన తంతు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, అందరూ దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, దండం పెట్టి, మాట ఇస్తారు. పెళ్లాన్ని చూసుకుంటామని, పిల్లల్ని చదివిస్తామని, ఏది మిగిలిపోయిందో ఊహించి ఇస్తారు. చూసుకుని ఇవ్వమంటారు పెద్దలు, ఎందుకంటే ఇచ్చిన మాట తీరేదాకా ఆ జీవి చూరు పట్టుకుని ఉంటుంది. తీరిన రోజు పోతుంది.

ఆ రోజు తాపీ నది ఒడ్డున కాకులకు కొదవ లేదు. అన్నం, మటన్, ఉడికిన గుడ్లు పెట్టారు. అతను నీళ్లలో కలుపుకుని తాగే గ్లూకోజ్ కూడా గ్లాసుతో పెట్టారు. కాకులు గట్టు మీద బారుగా కూర్చుని చూశాయి గాని ఒక్కటీ దిగలేదు. తండ్రి బక్కయ్య పోయి, మీ అవ్వను మంచిగా చూసుకుంటానని చెప్పాడు. మేనత్త పోయి, ఊళ్లో, పోయిన పెద్దల దగ్గర అతని పేరున కొత్తబట్టలు పెడతానన్నది. కాకులు కదల్లేదు. ఎండ ఎక్కింది. అప్పుడు నర్సవ్వ లేచింది. పడిపోతుందేమోనని పోశమ్మ ఆమె రెక్క పట్టుకుని నడిచింది కాబట్టి, ఆ మాట పోశమ్మ ఒక్కతే విన్నది.

"నేను పోత కొడుకా. ఆ సముద్రం కాడికి నేనే పోయి, మూడాటలు నా కండ్లతోని నీకు చూపెడత. ఇగ తిను."

నర్సవ్వ ఇంకా వెనక్కి తిరగనే లేదు. కాకి దిగి గుడ్డు ముక్క నోట కరుచుకుంది.

అప్పటినుంచి సంపత్ ఇంట్లోనే ఉన్నాడు. నర్సవ్వ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వాణ్ని పంపించేదాకా ఊరుకోరని ఆమె భయం.

పొద్దున్నే మెట్ల కింద సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించేది. సైకిలు అక్కడ లేదు. వంకర తిరిగి ఏదో పోలీసు ఠాణా ఆవరణలో పడి ఉంది. ఒక్కోసారి, అన్నం ఉడుకుతున్నప్పుడు కూడా, ఈతకొలనులో కలిపే మందు వాసన గదిలోకి వచ్చేది. వీటిని చెవుల తప్పు, ముక్కు తప్పు అనుకోవచ్చు. తువ్వాలను ఏమనుకోవాలి?

అది నీలం గీతల తువ్వాల. ఈత నుంచి వచ్చి సంపత్ దాన్ని గదిలోని తీగ మీద ఆరేసేవాడు. అతను పోయాక నర్సవ్వ దాన్ని అక్కడి నుంచి తీయలేదు. రోజూ తెల్లవారగానే ఆమె చీరల మూట కోసం మేస్త్రీ ఇంటికి పోతుంది. ముందు పోయినవారికి తేలికైన చీరలు దొరుకుతాయి. ఆమె తిరిగి వచ్చేసరికి బక్కయ్య రాత్రి పాళీ నుంచి వచ్చి, గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. ఆమె మూట దించి, తీగ దగ్గరికి పోయి తువ్వాల మీద చెయ్యి పెడుతుంది. తువ్వాల తడిగా ఉంటుంది.

వానాకాలం కదా అనుకుంది మొదట. వానలు పోయాయి, అయినా తడిగానే ఉంది. వైశాఖంలో రేకుల కింద పిండి ముద్ద కూడా గంటలో పెచ్చు కట్టే ఎండల్లోనూ తడిగా ఉంది. ఒకసారి ఉండబట్టలేక బక్కయ్యను లేపి చూపింది. ముప్ఫై ఏళ్లు సాంచాల మోతలో ఉండి సగం చెవుడు వచ్చిన మనిషి. రెండుసార్లు చెప్పించుకుని, "డ్రమ్ము చిల్లువడ్డది. తుంపర్లు వడుతున్నయి," అని మళ్లీ గోడవైపు తిరిగాడు.

అతను నిద్రపోయాక నర్సవ్వ నీళ్ల డ్రమ్మును చుట్టూ తడిమి చూసింది. చిల్లు లేదు. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

మొదటి చలికాలం పోటీ రానే వచ్చింది. పోశమ్మ కూతురు సంధ్యారాణి ఫోన్లో చూసి తేదీ చెప్పింది. నర్సవ్వ జ్వరమని ముసుగు పెట్టింది. పోశమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి ఉంచి, చల్లగా ఉన్న ఆ నుదుటిని చూసి, ఏమీ అనకుండా పోయింది.

రెండో చలికాలానికి అలా పోలేదు. అప్పటికి నర్సవ్వ కత్తిరించిన చీరలు దారాలు అలాగే ఉన్నాయని మేస్త్రీ దగ్గర నుంచి తిరిగి రావడం మొదలైంది. బక్కయ్య పాళీకి పోయాక ఆమె రెండు పళ్లేలు పెడుతుందని సమ్మక్క తలుపు సందులోంచి చూసింది. ఒక మధ్యాహ్నం పోశమ్మ తన కత్తెర, తన చాప తెచ్చుకుని నర్సవ్వ ఎదురుగా కూర్చుంది.

"మాటిచ్చినవా, ఇయ్యలేదా?"

నర్సవ్వ చీర మడత విప్పుతూ ఉండిపోయింది.

"పోయినేడు జరం లేకున్నా జరమన్నవు. నేను నోరు మూసుకున్న. లేగదూడను గుంజకు కట్టేసినట్టు కట్టేసినవు పోరణ్ని. ఏడాదిన్నర సంది చూరుకు ఏలాడవట్టె. దూప గాదానే వానికి?"

"ఉండనీయక్కా," అన్నది నర్సవ్వ. "నా ఇంట్లనే ఉన్నడు. ఎవలకేం బాధ?"

పోశమ్మ గొంతు తగ్గించింది. "మాకేం లేదే. వానికి బాధ."

ఆ మాట నర్సవ్వకు తగిలింది. తల ఊపింది. వస్తానన్నది. కానీ పోశమ్మ లేచిపోయాక, కత్తెర ఆడిస్తూ ఆడిస్తూ ఆమె వేరే ఆలోచన చేసింది. నా కండ్లతోని చూపెడత అన్నది తను. ఒడ్డు మీద నిలబడి కళ్లు మూసుకుంటే? పోయినట్టూ ఉంటుంది, పోశమ్మ నోరూ మూతపడుతుంది. చూడలేదు కాబట్టి మాట తీరదు. వాడు ఎక్కడికీ పోడు. ఎలా వెళ్లారో అలా ఇంటికి తిరిగి రావచ్చు, నలుగురూ.

బయలుదేరే ముందు రాత్రే తువ్వాలను తీగ మీంచి తీసి, మడిచి సంచిలో పెట్టుకుంది. వాణ్ని గదిలో వదిలి పోవడానికి మనసొప్పలేదు. బక్కయ్య వద్దనలేదు. సముద్రం దగ్గర చలి ఉంటుందని తన మఫ్లరు తెచ్చి సంచి మీద పెట్టి, ఇంకేదో అనబోయి, చెప్పులేసుకుని పాళీకి పోయాడు.

హజీరాలో పెద్ద పడవ ఎక్కారు. లారీలు, కార్లు ఒకదాని వెనక ఒకటి పడవ కడుపులోకి పోతుంటే సమ్మక్క ముక్కు మీద వేలేసుకుంది. నర్సవ్వ మాత్రం ప్రతి లారీ ముందు భాగాన్ని చూస్తూ నిలబడింది. ఏడాదిన్నరగా అదొక అలవాటు. ఏ బండి ఎదురైనా ముందు బంపరు చూస్తుంది, సొట్ట ఉందా అని. చూసి ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. పోశమ్మ మెల్లగా భుజం పట్టి పైకి తీసుకుపోయింది.

పైన కిటికీ పక్కన ఒక బల్ల, నాలుగు కుర్చీలు. పోశమ్మ చాయి చెప్పింది. చాయి తెచ్చినతను నాలుగు కప్పులు పెట్టాడు. ముగ్గురమే కదా అని పోశమ్మ గుజరాతీలో అడిగింది. అతను వాళ్ల ముగ్గురినీ చూశాడు. కిటికీ దగ్గరి ఖాళీ కుర్చీని చూశాడు. ఎక్కడో లెక్క తప్పినట్టుందని నవ్వి, పోనీలే తాగండి అని వెళ్లిపోయాడు. సమ్మక్క ఏదో అనబోయి నోరు మూసుకుంది. అంతవరకూ ఆమె నోరు దానంతట అది మూతపడటం ఎవరూ చూడలేదు.

నర్సవ్వ ఆ కప్పును కొంచెం కిటికీ వైపు జరిపింది. బస్సులోనైనా రైల్లోనైనా కొడుకు కిటికీ దగ్గరే కూర్చునేవాడు. సముద్రం గోధుమరంగు నుంచి ఆకుపచ్చకు మారింది. పడవ అవతలి ఒడ్డుకు, ఘోఘాకు చేరేసరికి కప్పు నిండుగానే ఉంది. పైన మీగడ కట్టింది. బల్లలు తుడిచేవాళ్లకు దాన్ని వదలడం ఇష్టం లేక, ఆమె కప్పు పట్టుకుని బయటికి పోయి చాయిని నీళ్లలో వంపింది.

అక్కడి నుంచి జీపులో పొద్దుగూకేదాకా ప్రయాణం. వంతెన దాటితే దీవి. దారి పొడుగునా తాటిచెట్ల లాంటివే కానీ, మాను మధ్యలో రెండుగా చీలి, రెండు తలలతో ఉన్న చెట్లు. జీపు డ్రైవరు వాటిని హోకా అంటారని చెప్పాడు. సమ్మక్కకు నోరు తిరిగి వచ్చింది. "తాగితె ఒకటి రెండుగ కనవడ్తదంటరు గదక్కా. గీ ఊళ్లె సీసా ముట్టకముందే కనవడుతున్నయి," అన్నది. పోశమ్మ నవ్వుతూ ఆమె వీపు మీద ఒకటి వేసింది. నర్సవ్వ సంచిని ఒళ్లో పెట్టుకుని ఉంది. చేతి కింద తువ్వాల మెత్తగా తగులుతోంది. దాన్ని బయటికి తీసి చూడలేదు. తడి ఉందో లేదో చూడటానికి ఎందుకో భయమేసింది.

తెల్లవారగానే నాగోవా ఒడ్డుకు పోయారు. అక్కడ తీరం గుర్రపు లాడంలా వంగి ఉంటుంది. జెండాలు కట్టారు, మైకులో పాటలు వేశారు. ఒంటికి అతుక్కున్న నల్లటి బట్టల్లో ఆడా మగా నీళ్ల అంచున గుంపుగా నిలబడి చేతులు ఊపుకుంటున్నారు. నెత్తికి నారింజ రంగు టోపీలు. వాళ్లలో నెరిసిన గడ్డాల వాళ్లు కూడా ఉన్నారు. దూరంగా నీళ్లలో పెద్ద పెద్ద బుడగలు తేలుతున్నాయి. వాటిని చుట్టి రావాలి. ముగ్గురూ ఇసకలో చీర చెంగులు దోపుకుని కూర్చున్నారు. నర్సవ్వ ఎడమపక్కన కాస్త జాగా వదిలింది. సమ్మక్క ఆ జాగాలో సంచి పెట్టబోతే, సంచిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

హారన్ మోగింది. అందరూ ఒక్కసారిగా నీళ్లలోకి ఉరికారు. నర్సవ్వ కొంగు ముక్కు దాకా లాక్కుని కళ్లు మూసుకుంది.

చూస్తున్నావా అని పోశమ్మ అడిగింది. చూస్తున్నానన్నది.

చీకట్లో అలల చప్పుడు పెద్దదైంది. ఇంకాసేపటికి ఎడమ మోచేతికి చల్లగా తగిలింది, అప్పుడే స్నానం చేసి వచ్చినవాడు పక్కన కూర్చుంటే తగిలే చల్లదనం. ఈతకొలను వాసన వచ్చింది. సముద్రం ఒడ్డున ఆ వాసన ఎందుకు వస్తుంది? నర్సవ్వ మెడ తిప్పలేదు. రెప్పలు ఇంకా బిగించింది. నువ్వు గూడ చూడకు కొడుకా అని లోపలే అన్నది. చూస్తే పోతవు. మనం ఇంటికి పోదాం.

సమ్మక్క ఆపకుండా చెబుతూనే ఉంది. మొదటివాడు ఒడ్డెక్కాడని, ఒంటి మీది బట్ట ఒలుచుకుంటూ ఉరుకుతున్నాడని, ఆడమనిషి ఒకతె మగవాళ్లను దాటేసిందని, అదిగో సైకిలెక్కిందని. పది మంది వచ్చారు, ముప్ఫై మంది వచ్చారు. మైకు అరుపులు రోడ్డు వైపు జరిగాయి. జనం కూడా అటే పోయారు. సైకిళ్లు చూసొస్తానని సమ్మక్క లేచిపోయింది. ఒడ్డు సద్దుమణిగింది. ఇంకాసేపు ఓర్చుకుంటే అయిపోతుందనుకుంది నర్సవ్వ.

అప్పుడు పోశమ్మ తనలో తను అనుకున్నట్టు అన్నది. "ఇంకొకలున్నరు నీళ్లల్ల."

నర్సవ్వ కొంగు ఇంకా కిందికి లాక్కుంది.

"పిల్ల లెక్కుంది. రెక్క లేస్తలేదు దానికి. అగో, ఆగింది. పడవ పట్టుకున్నది." మెడ చాచి చూసింది. "మళ్ల ఇడిసింది. ఈదుతున్నది. అయ్యో, దిక్కున్నోళ్లంత సైకిళ్ల కాడికే పోయిరి. ఒడ్డు మీద ఒక్కలన్న లేరే దాన్ని చూడ."

డుమస్ దారిలో ఆ పొద్దున కూడా ఒక్కరూ లేరు. సంపత్ ఎంతసేపు రోడ్డు మీద ఉన్నాడో, ఎవరి కోసమైనా తల ఎత్తి చూశాడో, చెప్పేవాళ్లు లేరు. నర్సవ్వ ఈ ఏడాదిన్నరలో ఆ దారి వైపు మనసును ఒక్కసారి కూడా పోనివ్వలేదు. ఇప్పుడు అది ఆమెను అడక్కుండానే పోయింది.

కళ్లు తెరిచింది.

వెలుతురు గుచ్చింది. ముందు ఏమీ ఆనలేదు. తర్వాత బూడిదరంగు నీళ్లలో నారింజ టోపీ ఒకటి, పక్కనే చిన్న పడవ. ఒక చెయ్యి లేచి పడింది. చాలాసేపటికి రెండోది లేచింది. నర్సవ్వ లేచి నిలబడి, సంచి చంకన పెట్టుకుని, నీళ్ల అంచు దాకా నడిచింది. అల వచ్చి పాదాలు తడిపింది, చీర కుచ్చిళ్లు తడిపింది. ఆమె రెప్ప వేయలేదు. అన్నం తినే పిల్ల నోటినే చూస్తూ తల్లి ముద్ద ముద్దకూ తన నోరు తెరుస్తుంది చూడండి, అలా ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఆమె భుజం లేచింది.

ఆ పిల్ల మోకాలి లోతుకు వచ్చి నిలబడింది. అల తోస్తే పడింది. మళ్లీ లేచింది. ఒడ్డెక్కేసరికి పెదవులు నల్లబడి ఉన్నాయి, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. టోపీ లాగేస్తే తడి వెంట్రుకలు మొహం మీద పడ్డాయి. నర్సవ్వ చెయ్యి సంచిలోకి పోయింది.

తువ్వాల ఎండిపోయి ఉంది. గంజి పెట్టిన నూలులా బిరుసుగా ఉంది. ఆమె దాన్ని చేతుల్లో ఒక్క క్షణం పట్టుకుని, ఆ పిల్ల నెత్తి మీద వేసి తుడవడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఎవరని అడగలేదు. బడికి పోయే పిల్ల తల్లి ముందు వంచినట్టు తల వంచి నిలబడింది. మెడ తుడిచి, చెవులు తుడిచి, "పో బిడ్డా," అన్నది నర్సవ్వ. ఆ పిల్ల ఏ భాషలోనో ఏదో అని, తువ్వాలను మెడ చుట్టూ వేసుకుని సైకిళ్ల వైపు ఉరికింది.

సమ్మక్క అప్పుడే తిరిగి వస్తోంది. తువ్వాలను గుర్తుపట్టి ఆ పిల్ల వెనక కేక వేయబోయింది. నర్సవ్వ చెయ్యి ఎత్తి ఆపింది.

తర్వాత తాము కూర్చున్న చోటికి నడిచింది. ఇసకలో ముగ్గురు కూర్చున్న గుంటలు ఉన్నాయి. తన ఎడమపక్కన ఇసక చదునుగా ఉంది. చేపల వాసన, ఉప్పు వాసన తప్ప వేరే వాసన లేదు. ఆమె ఆ చదును మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది, ఎండ పడ్డ ఇసక ఎలా ఉంటుందో అలా.

"పోయిండక్కా," అన్నది.

ఎవరని పోశమ్మ అడగలేదు. పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

మాట ఇచ్చింది మూడాటలకు కాబట్టి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఉండి మిగిలిన రెండూ చూశారు. గెలిచినవాళ్లు వచ్చి, ఫోటోలు దిగి, టెంట్ల కిందికి పోయాక, ఆ పిల్ల అందరికంటే ఆఖరున కుంటుకుంటూ పరుగెత్తి వచ్చింది. తువ్వాల నడుముకు చుట్టుకుని ఉంది. ఎవరో ఆమె మెడలో పతకం వేశారు. నర్సవ్వ కొంగు వెనక్కి తోసుకుని, దాన్ని మొత్తం చూసింది.

ఇల్లు చేరిన మర్నాడు ఆమె మూట కోసం పోలేదు. ఒంట్లో సత్తువ లేదు. తెల్లవారింది. మెట్ల కింద చప్పుడు కోసం చెవులు రిక్కించకూడదనుకుని కూడా రిక్కించింది. పాలవాడి మోటారు సైకిలు వచ్చి పోయింది. ఎవరో బకెట్ దించారు. అంతే. పొయ్యి పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. గదిలో తీగ ఉత్తగా వేలాడుతోంది.

బక్కయ్య పాళీ దిగి వచ్చాడు. ఈ వేళకు ఆమె ఇంట్లో ఉండదు కాబట్టి అతను ఆ మూలకు చూడలేదు. తలనిండా, కనుబొమల నిండా దూది పొట్టు. చెప్పులు విడిచి, డ్రమ్ములో చెంబు ముంచి, నీళ్లు మొహం మీద కొట్టుకున్నాడు. ఇంకో చెంబు ముంచాడు. కడుక్కోవడం అయిపోయింది, అయినా రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కొంతసేపు అలాగే వంగి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. తర్వాత కళ్లు మూసుకునే, వెనక్కి తిరక్కుండానే, ఒక చెయ్యి చాచి తీగ మీద వేశాడు. ఆ చెయ్యికి దారి తెలుసు.

తీగ చేతికి తగిలింది. చెయ్యి అటు జరిగింది. ఇటు జరిగింది. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది.

నర్సవ్వ ఆ చేతినే చూస్తోంది.

బక్కయ్య కళ్లు తెరిచాడు. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. పొయ్యి పక్కన ఆమె కనిపించింది. చెవిటితనం వచ్చినప్పటి నుంచి అతను ప్రతి మాటా గట్టిగా అరిచినట్టే అంటాడు. ఇప్పుడు అడిగింది మాత్రం సరిగ్గా వినపడనంత మెల్లగా అడిగాడు.

"వాని తువ్వాలేది? మళ్ల తేలేదా?"

ఆమె లేచి అతని దగ్గరికి పోయింది. "డ్రమ్ము చిల్లువడ్డదంటివి," అన్నది. అతనికి వినపడిందో లేదో. కొంగు విప్పి అతని నుదురు తుడిచింది, కనుబొమల్లోని దూది తుడిచింది, కళ్లు తుడిచింది. అతను తల వంచి నిలబడ్డాడు. ఆ కొంగును రెండు చేతులా పట్టుకుని మొహం అందులో పెట్టుకున్నాడు. నీళ్లు ఆరిపోయేంత సేపైనా తీయలేదు.

నర్సవ్వ భుజం దాకా తడిసింది. ఆ రోజంతా ఆమె చీర మార్చుకోలేదు.